జెముడు లేని కాకి

నాంపల్లికెల్లి మర్రిగూడ పోయే తొవ్వల
మా బత్తాయి తోట దాటినంక
నెత్తికి తువ్వాల చుట్టుకుని నిలవడ్డది ఆ పిల్ల.
పేరు జుబేదా. పక్షులను లెక్కవెట్టే కొలువంట.
మెడల దుర్భిణి, చేతుల అట్ట, అట్టకు ఫారం.
చాయ్ తాగు బిడ్డా అంటే
చెయ్యి అడ్డంవెట్టి, "ష్... వినవడ్తుందా?"

వినవడకేం.
ఊప్ ఊప్ ఊప్ ఊప్ ఊప్...
సన్నమూతి కూజాకెల్లి నీళ్ళు ఒంపినట్టు.
నలభై ఏండ్ల సంది వింటున్న.
జెముడుకాకి అన్న.
రాసుకున్నది.

కాకి కాదంట అది,
కోకిల ఇంటి బిడ్డంట.
నాకు నవ్వొచ్చింది.
పాట రాదు.
ఇంకొకరి గూట్ల గుడ్డు జారవిడిచి
ఎరగనట్టు పోయే తెలివి లేదు.
తన గూడు తనే అల్లుకుంటది,
మొగది సుత పొదుగుతది.
ఎగిరితే ఎవరో తడిబట్ట ఇసిరినట్టు
కొమ్మ మీద దబ్బున పడ్తది.
నత్తలు ఏరుకుంట, పాముపిల్లను పొడుసుకుంట
పొదల కింద నడిచి బతుకుతది.
ఇది కోకిల ఇంటిదెట్లయితది?

"ప్రతి ఇంట్ల ఒకరుంటరు గద కాకా"
ఆకు కదిలిన దిక్కే చూసుకుంట అన్నది జుబేదా.
జర ఆగి,
"జెముడంటే ఏంది?"

చూపియ్యనీకె చెయ్యి లేపిన.
లేపిన చెయ్యి గట్లనే ఆగింది.

ఈ గట్టు పొడుగునా ఉండేది.
బొమ్మజెముడు, నాగజెముడు పెనవేసుకుని
మనిషెత్తు కంచె.
ఒకదాంట్ల పాలు, ఒకదానికి ఎర్రటి పండ్లు.
తింటే బడిల నాలుక చూపియ్యమనేటోళ్ళు.
మేక దూరేది కాదు, దొంగ దూరేటోడు కాదు.
రాగిరంగు రెక్కలు ముడుసుకుని
అది ఒక్కటే దూరేది, సొంతింట్లకు దూరినట్టు.
రోడ్డు వెడల్పయిన ఏడాది
జేసీబీ ఒక్క పూటల ఊడ్చుకపోయింది.
ఇప్పుడు సిమెంటు కడీలు, ముండ్ల తీగ,
సున్నం పూసిన ప్లాటు రాళ్ళు.

పేరుల ఉన్న చెట్టు నేల మీద లేదు.

ఇంకొకటి ఆ పిల్లకు చెప్పలే.
నాకు ఎనిమిదేండ్లప్పుడు
అవ్వ దగ్గుకు మందని
నాయిన ఉచ్చేసి పట్టిండు ఒకదాన్ని.
గంజు మూత తీస్తే వచ్చిన ఆవిరి ఇంకా యాదికున్నది.
దగ్గు తగ్గలే. మూన్నెల్లకు అవ్వ పోయింది.
దాని జోడు
వారం దినాలు కంచెలకెల్లి పిలిచింది.
అవ్వ కూడ విన్నది.
"దానికి జవాబియ్యురా ఎవరన్న" అన్నది ఒకనాటి రాత్రి.

ఫారం కింద ఆఖరు గడి: స్థితి.
జుబేదా రాసింది:
ఆందోళన అక్కర లేదు.

"ఈడికెల్లి చైనా దాక ఉన్నయి కాకా.
ప్రపంచం జాబితాల గట్లనే ఉన్నది."
మంచిదే. ఉండనీ, చైనాల కూడ ఉండనీ.
మా తాన ఎన్నున్నయంటే మాత్రం
పెన్ను మూత పెట్టుకుంట తీసుకుంట
"అందుకే గద వచ్చిన" అన్నది.

నీళ్ళ సర్వే అని వచ్చినోళ్ళు వెనకటికి
మా మేనత్త వంగిన మోకాళ్ళకు టేపు పెట్టి
ఏందో రాసుకపోయిండ్రు.
ఏం రాసిండ్రో చదివి చెప్పలే.
ఈ పిల్ల చదివి చెప్పింది. అదొక మర్యాద.

పొద్దు పొడిచింది.
విన్నవి మూడు. చూసింది ఒకటి.
సున్నపురాయి మీద కూసున్నది,
రెక్కలు ఇప్పి ఎండకు ఆరేసుకుంట.
ఎర్రటి కన్ను మా దిక్కు.

"నివాసం కాడ ఏం రాయాలె? ముండ్ల పొదలు అని రాద్దునా?"
ముండ్లున్నయి గని తీగెకున్నయి బిడ్డా.
ప్లాటు నంబరు నలభై ఏడు, రాయి.

నవ్వలే జుబేదా.
రాసింది.

అది రాయి దిగి
ఎగరక, ఉరకక
నడుసుకుంటనే పోయింది గడ్డిలకు,
నోటీసు అందినా
సామాను సర్దని మనిషి లెక్క.